అంచు పట్టుకున్న చేతులు

పళ్ళెం అంచు తగలగానే గుడ్డ చక్రం మోత కాస్త బొంగురుపోయింది. ఎంత నొక్కాలో, ఎక్కడ వదలాలో పాలిషాయనకు ఆ మోతే చెబుతుంది. మూతికి గుడ్డ కట్టుకుని, కళ్ళు సగం మూసుకుని, మోచేతులు పొట్టకు ఆనించి పళ్ళేన్ని తిప్పుతున్నాడు. మధ్యమధ్యలో మెరుగుపెట్టే ఎర్రమందు కడ్డీని చక్రానికి తాకిస్తున్నాడు. చక్రం కిందనుంచి నల్లటి మడ్డి చిమ్మి చొక్కా మీద, చెవుల మీద, కనుబొమ్మల మీద పడుతోంది. ఆ చొక్కా అసలు రంగేమిటో ఉతికే భార్యకు కూడా గుర్తులేదు.

పళ్ళేన్ని సబ్బునీళ్ళలో ముంచాడు. రంపపు పొట్టులో పొర్లించి, దులిపి, మెత్తటి గుడ్డతో తుడిచి, కిటికీ వైపు ఎత్తి చూశాడు. అందులో తన ముఖం ఉన్నదున్నట్టు కనబడుతోంది గానీ అతను దాన్ని చూడడం మానేసి చాలాకాలమైంది. ఎక్కడైనా వేలిముద్ర మిగిలిందా అని మాత్రం చూస్తాడు. వేలిముద్రను తుడవకుండా వదిలేస్తే కొన్నాళ్ళకు ఆ గీతలన్నీ గోధుమరంగుకు తిరిగి వెండిలోకి దిగబడిపోతాయి. ఇక ఎంత రుద్దినా అంత సులువుగా వదలవు. కొట్లో మిగతావాళ్ళు సరుకును ఎలా పడితే అలా పట్టుకుంటారు. వాళ్ళు ముట్టుకున్నదల్లా తుడవడం అతని వంతు. ఒక్క మాటలో చెప్పాలంటే, అతని జీవితమంతా ఇతరుల వేలిముద్రలు తుడవడానికే సరిపోయింది.

అతను కూర్చునేది వెండికొట్టు వెనకగదిలో, ఒక ముదురు రంగు తెర వెనక. ముందుగదిలో కొనడానికి వచ్చినవాళ్ళకు గిన్నెలూ గ్లాసులూ తళతళలాడుతూ కనబడతాయి. వాటిని అలా చేసినవాడు తెర వెనక దగ్గుతూ ఉంటాడని వాళ్ళకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. కొట్టు యజమాని మంచివాడే. అయితే చెప్పుకునేంత మంచీ, తిట్టుకునేంత చెడూ ఇద్దరి మధ్యా ఎప్పుడూ జరగలేదు.

ఇందులో తమాషా ఏమిటంటే, పొద్దంతా ఊళ్ళోవాళ్ళ వెండికి నలుపు వదలగొట్టే ఈ మనిషి ఇంటికి వెళ్ళి తన వెండికి నలుపు ఎక్కుతోందా లేదా అని దీపం దగ్గర పెట్టుకుని చూసుకుంటాడు. ఇరుగుపొరుగువాళ్ళకు అతని భార్య చెప్పేది అదే. "కొట్లో వదిలిన మసి చాలదని, ఇంట్లో కూడా పెంచుకుంటున్నారు మా ఆయన" అంటుంది. నిజానికి అది నలుపు కాదు. పాత వెండి నాణేన్ని ఏ మందూ పెట్టకుండా, ఎవరూ రుద్దకుండా కాగితంలో చుట్టి ఉంచితే, గాలీ కాగితమూ కలిసి ఏళ్ళ తరబడి దాని మీద పనిచేస్తాయి. ముందు అంచున పలుచగా పసుపు తేలుతుంది. ఆ పసుపు ఎర్రబడుతుంది. ఎరుపు ఊదాగా, ఊదా నీలంగా మారుతుంది. వాటంగా వంచి పట్టుకుంటే ఆ రంగులన్నీ ఒకదాని వెనక ఒకటి కదులుతాయి. కంగారుపడితే రావు. ఒకసారి తుడిచేస్తే మళ్ళీ అవే రావు.

ఈ పిచ్చి అతనికి అంటించింది గడియారాలాయన. అదే వీధిలో, మూలమీద, కంటికి అద్దం బిగించుకుని వాచీలు బాగుచేసేవాడు. ఇద్దరికీ అప్పుడింకా జుట్టు నల్లగానే ఉండేది. ఒకరోజు కరిగించడానికి వచ్చిన పాత వెండి కుప్పలో, ఒకే కాగితం పొట్లంలో, రెండు నాణేలు దొరికాయి. రెండింటి మీదా తెరచాప ఎత్తిన ఓడ బొమ్మ. పాలిషాయన మామూలుగా గుడ్డ తీసి తుడవబోతుంటే, వాచీ బెల్టు ఇవ్వడానికి వచ్చిన గడియారాలాయన అతని మణికట్టు పట్టుకున్నాడు. "ఆగరా బాబూ, నీకు చేతులున్నాయా చీపుర్లున్నాయా! ముందు కళ్ళు పెట్టి చూడు" అన్నాడు. అప్పుడు చూశాడు పాలిషాయన. ఓడ కింది నీళ్ళమీద సన్నగా బంగారు జీర. అన్నేళ్ళుగా తను రోజూ కడిగి కాలవలో పోసేది ఇదా అనుకుంటూ, గుడ్డ పక్కన పడేసి, రెండో నాణేన్ని కూడా గబగబా వెలుతురుకు ఎత్తాడు.

ఆ కంగారులోనే ఒక నాణెం చేజారి రాతిమెట్టు మీద పడి అంచున గాటు పడింది. యజమానికి వెండి ఖరీదు ఇచ్చి ఇద్దరూ చెరొకటి తీసుకునేటప్పుడు, గాటు పడినదాన్ని గడియారాలాయనే తీసుకున్నాడు. "నీ దగ్గరుంటే రోజూ చూసి ఏడుస్తావు. నాకైతే ఫరవాలేదు" అన్నాడు. మళ్ళీ ఎప్పుడూ ఆ గాటు మాట ఎత్తలేదు. ఎత్తకపోవడంతో పాలిషాయన కూడా మెల్లగా మరిచిపోయాడు.

తర్వాత ఇంకా చాలా నాణేలు వచ్చాయి గానీ, ఓడలు ఓడలే. వాచీ ముక్కలు వేసుకునే చిన్న కాగితం కవర్లలో వాటిని ఉంచేవారు. ఎవరి కవర్లు వారింట్లో చెక్క పెట్టెలో, పెట్టె వంటింటికి దూరంగా, చెమ్మ లేని గోడపక్కన. వెండి నల్లబడుతుందని రబ్బరు బ్యాండును ఆ దరిదాపులకు రానిచ్చేవారు కాదు. కోడిగుడ్డు ఆవిరి తగిలితే రాత్రికి రాత్రే దొంగరంగు ఎక్కుతుందని, గుడ్డు ఉడకబెట్టిన రోజున పాలిషాయన తలుపులన్నీ మూయించేవాడు. నాణేన్ని ఎప్పుడూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అంచుల మీదే పట్టుకోవాలి. ముఖం మీద వేలు పడకూడదు. అన్నిటికంటే కఠినమైన నియమం ఇంకొకటి: నాణెం బయట ఉన్నంతసేపూ మాట్లాడకూడదు, తుంపర పడితే మచ్చవుతుంది. అందుకని ప్రతి సాయంత్రం ఇద్దరు పెద్దమనుషులు ఒక దీపం కింద తలలు ఆనించుకుని, నోళ్ళు బిగించుకుని కూర్చునేవారు. నాణెం కవర్లోకి వెళ్ళగానే అప్పటిదాకా ఆపుకున్నదంతా ఒక్కసారిగా మాట్లాడేవారు.

పాలిషాయన ఓడ మీద పొద్దుగుంకే వేళ ఎరుపు తేలింది. గడియారాలాయన ఓడ కింద నీలం తేలింది. ఒకే పొట్లంలోవి, ఒకేరకం కవర్లలో ఉన్నవి, అలా రెండు దారులు ఎందుకు పట్టాయో ఇద్దరికీ అంతుపట్టలేదు. ఎవరిది వారికి ముద్దు. పైకి మాత్రం ఎదుటివాడిదే బాగుందని పోట్లాడుకునేవారు.

"బాబాయ్!"

తెర పక్కకు జరిగింది. గడియారాలాయన కూతురు. నిద్రలేక కళ్ళు ఉబ్బి ఉన్నాయి, జుట్టు ఏదో చుట్టాననిపించుకుంది. పాలిషాయన చక్రం ఆపేసి మూతిగుడ్డ కిందికి లాగాడు.

"ఏమ్మా, నాన్న ఎలా ఉన్నాడు?"

"ఇంటికి తెచ్చేశాం. ఇక ఆసుపత్రిలో ఉంచి చేసేదేం లేదన్నారు డాక్టర్లు" అంది. సంచిలోంచి చిన్న కాగితం కవరు తీసింది. "నాన్న ఇది నీకిమ్మన్నాడు. నీ చేత్తోనే చేయించాలట. తళతళా మెరిసేలా."

కవరు మూత వేలికొసతో ఎత్తి చూడగానే పాలిషాయనకు అర్థమైంది. నీలం ఓడ.

"వాడికేమైనా మతి పోయిందా?" అనేశాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

ఆ అమ్మాయి ఏమీ అనుకోలేదు. "మతి బాగానే ఉంది బాబాయ్. చూపే పోయింది. రంగులు ఏమీ తెలియట్లేదు, దీపం వేస్తే వెలుగు తెలుస్తోంది, అంతే. నిన్న పెట్టె తెప్పించుకుని కవర్లన్నీ తడిమాడు. 'అన్నీ బూడిదేనమ్మా' అని ఏడ్చాడు. మెరిపిస్తే ఆ తళుకన్నా కనబడుతుందట. ఒక్కసారి చూస్తాడట ఓడని" అంది. "ఇవాళే తెస్తావా? మరీ రేపూ ఎల్లుండీ అంటే..."

"సాయంత్రం తెస్తా. నువ్వు వెళ్ళు" అన్నాడు పాలిషాయన.

ఆమె వెళ్ళాక చక్రం మళ్ళీ నడిపాడు. పాత ఎర్రమందు గీకేసి, కొత్త మెత్తటి గుడ్డ బిగించాడు. కవర్లోంచి నాణేన్ని అంచులు పట్టుకుని తీశాడు. కిటికీ వెలుతురులో ఓడ కింది నీలం చిన్నగా కదిలింది. దాన్ని చక్రం దాకా తీసుకెళ్ళి వెనక్కి తెచ్చాడు. మళ్ళీ తీసుకెళ్ళాడు. కన్నుమూసి తెరిచేలోగా అయిపోయే పని. ఊళ్ళో ఎవరి వెండి మీదైనా ఆలోచించకుండా చేసే పని. చెయ్యి మాత్రం ముందుకు పోలేదు. అడిగినవాడి మీద కోపం వచ్చింది, అడగాల్సి వచ్చినందుకు జాలేసింది. ఇద్దరం ఒక జీవితకాలం ఊపిరి బిగబట్టి కాపాడినదాన్ని చెరపమని నన్నే అడగాలా అనుకున్నాడు. వెంటనే, ఇంకెవరిని అడుగుతాడు అని కూడా అనుకున్నాడు.

చక్రం ఆపేశాడు. నీలం ఓడను కవర్లో పెట్టి, కవరును చొక్కా లోపలి జేబులో దాచుకుని, భోజనానికి వెళ్ళొస్తానని యజమానికి చెప్పి బయటపడ్డాడు. రోజూ డబ్బాలో తెచ్చుకునే మనిషి ఇంటికి ఎందుకు వెళుతున్నాడని యజమాని అడగలేదు.

ఇంట్లో భార్య బట్టలు మడతపెడుతోంది. అతను చేతులు కడుక్కుని, గోళ్ళ సందుల్లో కూడా రుద్దుకుని, తుడుచుకుని, పెట్టె తెరవడం చూసి ఆమె మడత ఆపింది. పట్టపగలు పెట్టె తెరవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. అతను తన ఓడను తీసి కిటికీ దగ్గర నిలబడ్డాడు. జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పాడు.

"ఆయన అడిగింది ఆయన బిళ్ళని కదండీ?" అంది.

"అవును."

"మరి మీదెందుకు తీశారు?"

"రెండూ ఒకటే బొమ్మ. మెరిస్తే తేడా తెలియదు."

"ఇన్నాళ్ళూ దీని కోసం నన్ను ఇంట్లో గుడ్డు కూడా ప్రశాంతంగా ఉడకబెట్టుకోనివ్వలేదు మీరు" అంది ఆమె. వేళాకోళంగానే మొదలుపెట్టింది గానీ చివరికి వచ్చేసరికి గొంతు మారింది.

"వాడిది చెరిపితే వాణ్ణి చెరిపినట్టే ఉంటుందే నాకు. నా వల్ల కాదు" అన్నాడు అతను.

ఆమె దగ్గరికి వచ్చి ఆ నాణేన్ని మొదటిసారిగా శ్రద్ధగా చూసింది. అతను కొంచెం వంచి పట్టుకున్నాడు. పొద్దుగుంకే ఎరుపు తెరచాప మీదినుంచి అంచుకు జారింది. "ఇంత బాగుంటుందని ఎప్పుడూ చెప్పలేదేం?" అంది. "చెప్తూనే ఉన్నా, నువ్వు మసి అన్నావు" అన్నాడు. ఇద్దరూ నవ్వబోయి ఊరుకున్నారు. వెళ్ళేటప్పుడు ఉతికిన మెత్తటి గుడ్డ ముక్క ఒకటి ఆమె అతని జేబులో పెట్టింది. తినలేదేమని అడగలేదు.

కొట్టుకు వచ్చి చక్రం నడిపాడు. ఈసారి ఆగితే మళ్ళీ చెయ్యలేనని తెలుసు, అందుకే ఆగలేదు. నాణెం చక్రానికి ఆనింది. మోత బొంగురుపోయింది. ఎరుపు ముందు పోయింది, దాని కింది పసుపు ఆ వెనకే పోయింది. తిప్పి రెండోవైపు ఆనించాడు. అప్పుడు అతనికి ఏడుపు వచ్చింది. మూతిగుడ్డ ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోయినా ఆ మోతలో ఎవరికీ వినబడదు. సబ్బునీళ్ళు, రంపపు పొట్టు, గుడ్డ. కిటికీ వైపు ఎత్తి చూశాడు. తెల్లగా, కొత్తగా, ఎవరిదీ కానట్టుగా ఉంది. కొట్లో అమ్మకానికి పెట్టే సరుకులా ఉంది. తన పనిలో లోపం మాత్రం ఎక్కడా లేదు.

సాయంత్రం గడియారాలాయన ఇంటికి వెళ్ళాడు. మంచం కిటికీ పక్కకు జరిపి ఉంది. మనిషి దుప్పటి కింద ఉన్నాడా లేడా అన్నట్టు సన్నబడిపోయాడు. చేతులు మాత్రం మారలేదు. చిన్న చిన్న మరమేకులు పట్టుకుని పట్టుకుని కొసలు సూదిగా తేలిన వేళ్ళు దుప్పటి అంచును మెల్లగా మడుస్తూ విప్పుతున్నాయి. కూతురు మంచం పక్కన దీపం వేసి, వంటింట్లోకి వెళ్ళింది.

"ఎర్రమందు వాసన వస్తోంది. నువ్వేనా?" అన్నాడు గడియారాలాయన.

"నేనే."

"తెచ్చావా?"

పాలిషాయన కుర్చీ దగ్గరికి లాక్కుని, నాణేన్ని అంచులు పట్టుకుని అతని వేళ్ళకు అందించాడు. ఆ వేళ్ళు కూడా అంచులే పట్టుకున్నాయి. గడియారాలాయన దాన్ని దీపం వైపు ఎత్తి, కొంచెం వంచాడు. వెలుగు పడి దిండు మీద, అతని చెంప మీద ఒక తెల్లటి ముక్క కదిలింది.

"ఆఁ..." అన్నాడు. "కనబడిందిరా. తెరచాప కదిలింది."

చాలాసేపు అలా వంచుతూ ఆడించాడు. అతని ముఖం చూస్తుంటే పాలిషాయనకు పొద్దుటినుంచి గుండెల్లో ఉన్న బరువంతా దిగిపోయింది. చేసింది మంచిపనే అనుకున్నాడు. ఆ తర్వాత గడియారాలాయన వేళ్ళ మధ్య నాణెం మెల్లగా తిరగడం మొదలైంది. అంచు వెంబడి ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు తిరిగి ఆగింది.

"ఒరేయ్."

"ఊఁ."

"దీనికి గాటు లేదు."

పాలిషాయనకు రాతిమెట్టు అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నేళ్ళూ రంగులు చూసుకుంటూ కూర్చున్నాడు గానీ, అంచులు తప్ప ఇంకేమీ ముట్టుకోని చేతులకు ఆ అంచు ఎంత తెలుస్తుందో అతను ఆలోచించలేదు.

"చక్రం మీద అరిగిపోయి ఉంటుంది" అన్నాడు.

"గాటు అరిగేదాకా రుద్దేంత మొరటోడివా నువ్వు? నీ చేయి నాకు తెలీదా!"

గడియారాలాయన నాణేన్ని మళ్ళీ ఒక చుట్టు తిప్పాడు.

"నీ ఎర్ర ఓడని చెరిపేశావా?"

"నీదాని మీదికి చెయ్యి పోలేదురా. చాలాసేపు చూశా. నా వల్ల కాలేదు."

"నాది చెయ్యమన్నాను గానీ నీది పాడుచేసుకోమన్నానట్రా, వెధవా!" అన్నాడు గడియారాలాయన. కళ్ళలోంచి నీళ్ళు చెవుల వైపు కారాయి. మళ్ళీ నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గు తగ్గేదాకా పాలిషాయన అతని భుజం పట్టుకున్నాడు.

"నాదేది మరి?"

"జేబులో ఉంది."

"తియ్యి. ఎలా ఉందో చెప్పు."

"బయటికి తీసి మాట్లాడమంటావా? తుంపర పడదూ?"

"ఇన్నాళ్ళూ మూసుకునే కూర్చున్నాం కదరా నోళ్ళు. ఇవాళొక్కరోజు చెప్పు."

పాలిషాయన నీలం ఓడను కవర్లోంచి తీసి దీపం కింద పట్టుకున్నాడు. అలవాటు పోక భార్య ఇచ్చిన గుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అతనికి మాటలు కూర్చడం చేతకాదు, ఎప్పుడూ అవసరం పడలేదు. "అంచు దగ్గర చీకటి నీలంరా" అని మొదలుపెట్టాడు. "లోపలికి వస్తుంటే పలచబడుతోంది. ఓడ కింద నీళ్ళున్నాయి చూడు, అక్కడ కాస్త ఊదా కలిసింది. పోయినసారి లేదది. కొత్తగా వచ్చింది. ఆ నీళ్ళ పైఅంచున మనం కొన్ననాటి బంగారు జీర ఇంకా అలాగే ఉంది. పైన తెరచాప మాత్రం తెల్లగానే ఉంది. దాన్ని ఇంకా ఏ రంగూ ముట్టుకోలేదు."

"కొత్తగా ఊదా వచ్చిందా?"

"వచ్చింది. వంచితే కనబడుతోంది."

"చెప్పు, ఇంకా చెప్పు."

చెప్పాడు. చెబుతూ చూస్తే, గడియారాలాయన తన చేతిలోని తెల్లటి ఓడను గుప్పిట్లోకి తీసుకుంటున్నాడు. బొటనవేలు అంచు దాటి నాణెం ముఖం మీదికి వచ్చింది.

"వేలు! వేలు పడుతోంది!" అన్నాడు పాలిషాయన కంగారుగా.

"పడనీరా. ఎప్పుడైనా పెట్టానా?" అన్నాడు గడియారాలాయన. వేలిని నాణెం మీద గట్టిగా అదిమి, అలాగే ఉంచాడు. "చల్లగా ఉంది. ఇంత చల్లగా ఉంటుందని తెలియదు నాకు."

పాలిషాయన మళ్ళీ నీలం దగ్గరినుంచి మొదలుపెట్టాడు. నాణేన్ని తిప్పి, వెనకవైపు ఉన్న పాత పడవల రేవు బొమ్మ గురించి చెప్పాడు, దాని అక్షరాల సందుల్లో నిలిచిన రంగు గురించి చెప్పాడు. కొంతసేపు 'ఊఁ' వినబడింది. తర్వాత వినబడలేదు. నిద్రపట్టిందనుకుని గొంతు తగ్గించాడు గానీ చెప్పడం ఆపలేదు. కూతురు టీ తెచ్చి, కప్పు బల్లమీద పెట్టి, తండ్రి నుదుటి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి తియ్యకుండా అలాగే నిలబడిపోయింది. అప్పుడు పాలిషాయన మాట ఆపాడు.

పాలిషాయన భార్య వచ్చింది, చుట్టుపక్కలవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. కుర్చీలు జరిగాయి, గదిలో లోగొంతుకల మాటలు నిండాయి. పాలిషాయన నీలం ఓడను గడియారాలాయన చెక్క పెట్టెలో దాని చోట పెట్టేశాడు. ఏడ్చి ఏడ్చి అలిసిన కూతురు దగ్గరికి వచ్చి, తండ్రి గుప్పిట్లోంచి తీసిన నాణేన్ని అతనికి ఇచ్చింది.

"ఇది నీదేనట కదా బాబాయ్, పిన్ని ఇప్పుడే చెప్పింది. నాన్న వేలు పడి మాసింది. పాపం, అంతసేపు మెరుగు పెట్టావు."

"మాసిందా" అంటూ అతను దాన్ని దీపం దగ్గరికి తీసుకెళ్ళాడు. చెయ్యి తనంతట తానే జేబులోని మెత్తటి గుడ్డను బయటికి తీసింది. ఒక్కసారి అలా తిప్పితే పోతుంది. ఇంకా పచ్చిగా ఉన్న ముద్ర. ఇలాంటివి ఎన్ని తుడిచాడో అతనికే తెలియదు. గుడ్డను మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"వాచీ ముక్కల కవరు ఒకటి ఇవ్వమ్మా" అన్నాడు.

ఆమె సొరుగులోంచి తెచ్చి ఇచ్చింది. అతను అంచులు పట్టుకుని నాణేన్ని అందులోకి జార్చబోతూ, ఊపిరి బిగబట్టి, ఒక్కసారి వంచి చూశాడు. తెల్లటి తెరచాప మీద, గీతకు గీత చెదరకుండా, గడియారాలాయన బొటనవేలి ముద్ర ఉంది.